బ్యాటరీ నిండిందని ఎలా తెలుస్తుంది?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగ పాఠం)



ఇవాళ నేను చెప్పబోయేది వంటల గురించీ కాదు, కుట్లూ అల్లికల గురించీ కాదు. మన ఇళ్లలో మెట్ల కిందనో, బాల్కనీ మూలనో, కొందరిళ్లల్లో అయితే దేవుడి గది పక్కనో నల్లటి పెట్టె ఒకటి ఉంటుందే, ఇన్వర్టర్ బ్యాటరీ, దాని గురించి. "అది మగవాళ్ల వ్యవహారం, మనకెందుకమ్మా" అని రేడియో కట్టేయకండి. కరెంటు పోయినప్పుడు ఫ్యాను తిరుగుతోందా లేదా అని ముందు తలెత్తి చూసేది మనమే. పైగా నేనూ మొన్న మొన్నటిదాకా అలా అనుకున్నదాన్నే.

మేము ఉండేది విశాఖపట్నంలో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి, ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉండిపోయిన సంగతి మీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ తరవాత మా ఇంట్లో ఇన్వర్టర్ పెట్టించాం. కొన్నేళ్లకి మా అత్తయ్యకి ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. రాత్రిపూట ఆక్సిజన్ మెషీను పెట్టుకుని పడుకోవాలన్నారు డాక్టరుగారు. గాలిలోంచి ఆక్సిజన్ను వేరుచేసి సన్నటి గొట్టంతో ముక్కుకి అందించే మెషీను అది. కరెంటు ఉంటేనే నడుస్తుంది, మూడువందల వాట్ల పైచిలుకు తీసుకుంటుంది. అందుకని పాత బ్యాటరీ తీసేసి, 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీ కొత్తది వేయించాం. "మెషీను ఒక్కటే అయితే మూడు గంటలు ఢోకా లేదండీ" అన్నారు కొట్లో. మేము నిశ్చింతగా ఉన్నాం. ఇన్వర్టర్ మీద పచ్చదీపం వెలుగుతూ ఉంటే బ్యాటరీ నిండా ఉందని అర్థమట. రోజూ రాత్రి పడుకోబోయే ముందు అత్తయ్య అడిగేది: "ఏమే, బ్యాటరీ నిండిందా?" నేను తొంగి చూసి, "నిండింది అత్తయ్యా, పచ్చగా ఉంది" అనేదాన్ని.

ఒక వానరాత్రి పదకొండు దాటాక కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకుంది. ఫ్యాన్లు, దీపాలు అన్నీ ఆపేసి మెషీను ఒక్కదాన్నే ఉంచాం. ముప్పై అయిదు నిమిషాలు గడిచాయో లేదో, ఇన్వర్టర్ కీచుకీచుమనడం మొదలుపెట్టింది. మరో రెండు నిమిషాలకి మెషీను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పలేను. అత్తయ్య లేచి కూర్చుని మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. పెదవులు నల్లబడుతున్నాయి. మావారు సిలిండరు కోసం బండి తీసుకుని వానలో పరుగెత్తారు. నేను మేడమీద పిన్నిగారి తలుపు బాదాను. ఆవిడ ఒక్క ప్రశ్నయినా వేయకుండా, వాళ్ల ఇన్వర్టరుకి పొడుగాటి వైరు తగిలించి, బాల్కనీలోంచి మా వరండాలోకి వదిలారు. మెషీను మళ్లీ నడిచింది. మావారు సిలిండరుతో వచ్చేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ ఆ వైరు వైపే చూస్తూ కూచున్నాను.

తెల్లవారి నేను వేసిన మొదటి ప్రశ్న ఇదే. పచ్చదీపం అబద్ధం ఎందుకు చెప్పింది?

జవాబు చెప్పినవాడు ఓ పాతకాలపు బ్యాటరీ మేస్త్రీ. లారీల బ్యాటరీలతో జుట్టు నెరిసిన మనిషి. ఆయన ఇన్వర్టర్ వైపు చూడనైనా లేదు. జోలెలోంచి ఒక గాజు గొట్టం తీశాడు. పైన రబ్బరు బుడ్డి, కింద సన్నటి మూతి, లోపల తేలే చిన్న గాజుపుల్ల. మా అమ్మ చెప్పిన కథ ఒకటి అప్పుడు గుర్తుకొచ్చింది. వాళ్ల ఊళ్లో కరెంటు లేని రోజుల్లో తాతగారి రేడియో బ్యాటరీతో పాడేదట. చార్జి అయిపోతే బండి మీద పట్నం పంపేవారట. చార్జి చేసేవాడు గాజు గొట్టంతో నీళ్లు పీల్చి చూసి, "ఇంకా కాలేదండీ, రేపు రండి" అనేవాడట. ఆ గొట్టమే ఇది. దీని పేరు హైడ్రోమీటరు. బ్యాటరీ సామాన్లు అమ్మే కొట్లలో దొరుకుతుంది, ఖరీదేం ఎక్కువ కాదు.

ఇది మనకు కొత్తదేం కాదండీ. పాలల్లో నీళ్లు కలిశాయో లేదో చూసే లాక్టోమీటరు ఎరగనివాళ్లం ఎవరం? పాలు చిక్కగా ఉంటే అది పైకి తేలుతుంది, నీళ్లు కలిస్తే కిందకి దిగుతుంది. హైడ్రోమీటరు చేసేదీ అదే పని. బ్యాటరీలో సీసం ప్లేట్లు ఉంటాయి, వాటి చుట్టూ నీళ్లు కలిపిన గంధకామ్లం, అంటే సల్ఫ్యూరిక్ యాసిడ్. మనం కరెంటు వాడుకుంటున్నకొద్దీ యాసిడ్లోని సారం వెళ్లి ప్లేట్లలో చేరుతుంది, ద్రవంలో నీళ్లు మిగులుతాయి. చార్జి ఎక్కుతున్నకొద్దీ ఆ సారం ప్లేట్లను వదిలి మళ్లీ ద్రవంలోకి వస్తుంది, ద్రవం చిక్కబడుతుంది. అంటే బ్యాటరీ ఖాళీ అవుతూ తనలో తానే నీళ్లు కలుపుకునే పాలకుండ అన్నమాట. 1859లో ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే అనే ఆయన ఈ రకం బ్యాటరీ కనిపెట్టాడు. నూట అరవై ఏళ్లు దాటినా లోపలి సరుకు అదే, సీసమూ యాసిడూ. అంచేత నిండిందా లేదా అని అడగవలసింది పైనున్న దీపాన్ని కాదు, లోపలున్న ద్రవాన్ని.

ఈ చిక్కదనాన్నే మేస్త్రీలు గ్రావిటీ అంటారు. మామూలు నీళ్లది 1.000. మన ఇళ్లలోని ట్యూబులర్ బ్యాటరీ నిండా చార్జి అయితే 1.240 దగ్గర ఉంటుంది. మేస్త్రీలు దాన్నే "పన్నెండొందల నలభై" అంటారు, కంగారు పడకండి, రెండూ ఒకటే. కార్ల బ్యాటరీ అయితే 1.260 నుంచి 1.280 దాకా పోతుంది. 1.150కి దిగిందంటే దాదాపు ఖాళీ. మీ బ్యాటరీకి ఎంత ఉండాలో దాని కాగితాల్లోనో, పెట్టె మీదనో రాసి ఉంటుంది. చూసి క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

మేస్త్రీ ఒక్కొక్క మూతే తీసి చూస్తూ అంకెలు చెప్పాడు, నేను పాలపద్దు పుస్తకంలో రాసుకున్నాను. 1.165, 1.170, 1.130, 1.165, 1.160, 1.170. రాత్రి వాడకం అయి అప్పటికి కరెంటు వచ్చి అయిదు గంటలయింది. మీద పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతోంది!

ఇక్కడ ఒక మాట. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలంటారు. బ్యాటరీ విషయంలో ఆ సామెత పనికిరాదు. పన్నెండు వోల్టుల బ్యాటరీ అంటే ఒక పెట్టెలో ఆరు గదులు, ఒక్కొక్కదానిది రెండు వోల్టుల చిల్లర. ఆరూ వేరువేరు కుండలు. ఒకదానిలో ఏముందో రెండోదానికి తెలియదు. అయిదు నిండి ఒకటి నిండకపోతే ఆ ఒక్కటే ముందు చచ్చి మిగతావాటిని ఆపేస్తుంది. అంచేత ఆరు గదుల్లోనూ చూడాలి. కొన్ని బ్యాటరీల మూత మీద పచ్చగా కనిపించే చిన్న కన్ను ఉంటుంది. అది చూపించేది ఒక్క గది సంగతే సుమండీ.

ఇంకో పొరపాటు మన ఇళ్లలో చాలామంది చేస్తారు. ట్యూబులర్ బ్యాటరీ మూతల మీద ఎరుపూ ఆకుపచ్చా రంగుల్లో తేలే పుల్లలు ఉంటాయి. అవి పైకి ఉంటే చార్జి నిండుగా ఉందనుకుంటారు. కాదు. అవి చెప్పేది నీళ్ల మట్టం. కుండలో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో చెబుతాయి గాని అవి ఎంత చిక్కగా ఉన్నాయో చెప్పవు. నేనూ ఆ పుల్లలను చూసి మురిసినదాన్నే.

మరి పచ్చదీపం మాట? ఇన్వర్టర్ బ్యాటరీలోకి తొంగి చూడలేదు. అది కొలిచేది వోల్టేజీని. చార్జి చేస్తున్నప్పుడు వోల్టేజీ ఒక హద్దుకి చేరగానే "అయిపోయింది" అనుకుని దీపం వెలిగిస్తుంది. ఆ హద్దు సరిగ్గా పెట్టి ఉంటే ఫరవాలేదు. మా ఇన్వర్టరుకి వెనకాల చిన్న మీట ఒకటి ఉంది. ఒక వైపు నొక్కితే ట్యూబులర్ బ్యాటరీకి, రెండో వైపు నొక్కితే సీల్డు బ్యాటరీకి. మాకు మొదట ఉన్నది సీల్డుది. కొత్తది బిగించినవాళ్లు మీట మార్చడం మరిచారు. తక్కువ వోల్టేజీ దగ్గరే ఆగిపోతూ, మా బ్యాటరీ ఏడాదిపాటు ఒక్కరోజు కూడా కడుపునిండా తినలేదు. అర్ధాకలితో ఉంచిన బ్యాటరీలో ప్లేట్ల మీద చేరిన సారం గట్టిపడి గచ్చులా పట్టేస్తుంది. తరవాత ఎంత చార్జి పెట్టినా అది పూర్తిగా కరగదు. మీ ఇన్వర్టరుకి వెనకాల అలాంటి మీట ఉందేమో ఈ సాయంత్రమే చూడండి. మీకు అర్థం కాకపోతే మేస్త్రీ చేత చూపించుకోండి.

మేస్త్రీ మీట మార్చి, "ఇప్పుడు పట్టుగా చార్జి పెడదాం తల్లీ, నిండిందని నేను చెప్పక్కర్లేదు, నువ్వే చెబుతావు" అన్నాడు. ఎలా చెప్పాలో కూడా నేర్పాడు.

చార్జి మొదట చకచకా ఎక్కుతుంది. మొదటి ముప్పాతిక భాగం సులువు. ఆఖరి భాగం దగ్గర నత్తనడక. 150 ఆంపియర్ అవర్లకి పదిహేను ఆంపియర్లు పెడితే పది గంటల్లో అయిపోవాలని లెక్క చెబుతుంది గాని, ఆ నత్తనడక వల్ల పన్నెండు పద్నాలుగు గంటలైనా పడుతుంది. నిండే వేళకి రెండు గుర్తులు కనిపిస్తాయి. వోల్టేజీ పధ్నాలుగు దాటి పధ్నాలుగున్నర వైపు పోతుంది, బ్యాటరీ తీసుకునే కరెంటు తగ్గుతూ తగ్గుతూ మూడు నాలుగు ఆంపియర్లకి దిగుతుంది. కడుపు నిండిన పిల్లవాడు ముద్దకి ముద్దకి మధ్య ఆలస్యం చేసినట్టు. అప్పుడే లోపల బుడగలు మొదలవుతాయి. గోళీసోడా కొట్టాక వినిపించే సుయ్‌మనే సన్నటి చప్పుడు వస్తుంది. ఆరు గదుల్లోనూ ఒకేలా రావాలి. ఒక గది మూగగా ఉంటే దాని మీద అనుమానపడాలి.

ఈ గుర్తులు కనిపించాక గొట్టం తీయాలి. చార్జి ఆపి, బుడగలు అణగడానికి కొద్ది నిమిషాలు ఆగాలి. లేకపోతే బుడగలు గాజుపుల్లకి అంటుకుని దాన్ని పైకి లేపి, ఎక్కువ చూపిస్తాయి. రబ్బరు బుడ్డి నొక్కి ద్రవం పీల్చి, గొట్టం నిటారుగా పట్టుకుని, పుల్ల అంచులకి తగలకుండా తేలుతున్నప్పుడు కంటికి ఎదురుగా పెట్టి చదవాలి. పీల్చిన ద్రవం ఏ గదిలోదో ఆ గదిలోనే పోయాలి. రాసుకుని మళ్లీ చార్జి పెట్టి, గంటకి మళ్లీ చూడాలి. ఇలా గంటగంటకీ వరసగా మూడుసార్లు చూసినా ఆరు గదుల్లోనూ అంకె పెరగకపోతే అది నిండినట్టు. గమనించారా, 1.240కి చేరడం ఒక్కటే గుర్తు కాదు. పెరుగుదల ఆగిపోవడం అసలు గుర్తు. పాత బ్యాటరీ 1.225 దగ్గరే ఆగిపోవచ్చు. దానికి అదే నిండుదనం. ఇంకా చార్జి పెడితే నీళ్లు ఆవిరవుతాయి తప్ప లాభం లేదు.

ఎండాకాలంలో ఇంకో చిన్న లెక్క. ఈ అంకెలు 27 డిగ్రీల వేడికి చెప్పినవి. వేడికి ద్రవం పలచబడుతుంది, పది డిగ్రీలకి 0.007 చొప్పున తక్కువ చూపిస్తుంది. మన మే నెలలో బ్యాటరీ లోపల నలభై రెండు ఉందనుకోండి, 1.230 కనిపిస్తే 1.240 కిందే లెక్క. ఊరికే మేస్త్రీని పిలిచి డబ్బు పోసుకోకండి.

మూత తెరవడానికి వీల్లేని సీల్డు బ్యాటరీలున్నవాళ్లకి గొట్టం పనికిరాదు. వాళ్లు చార్జీ, వాడకం రెండూ ఆపి, రాత్రంతా అలా వదిలేసి పొద్దున్న మీటరుతో వోల్టేజీ చూసుకోవాలి. చార్జి తీసిన వెంటనే చూస్తే పొంగిన పాలలాగ ఎక్కువ కనిపిస్తుంది, ఆ పొంగు అణగాలి. మామూలుగా 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ట్యూబులర్ బ్యాటరీకి మాత్రం నిండా ఉన్నా 12.5 మాత్రమే కనిపిస్తుంది. దాని యాసిడ్ కాస్త పలచన గనక. ఇది తెలియక మంచి బ్యాటరీని చెడ్డదన్నవాళ్లను చూశాను.

ఇహ జాగ్రత్తలు. వీటిని తేలిగ్గా తీసుకోకండమ్మా. ఆ సుయ్‌మనే బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరిందంటే చిన్న నిప్పురవ్వ చాలు, భగ్గుమంటుంది. దేవుడి గది పక్కన బ్యాటరీ పెట్టుకున్నవాళ్లు ఈ పూటే దాన్ని అక్కణ్ణించి మార్పించండి. దీపం, అగరువత్తి, హారతి, ఏదీ దాని దగ్గరికి రాకూడదు. చీకటిగా ఉందని అగ్గిపుల్ల గీసి గదిలోకి తొంగి చూడడం అసలు పనికిరాదు, టార్చిలైటు వాడండి. గాలి ఆడే చోట ఉంచండి, మీద గుడ్డలు కప్పకండి.

మూత తీసే ముందు ఇన్వర్టర్ స్విచ్చి ఆపండి. చేతి గాజులు తీసేయండి, మెడలో గొలుసు చీర లోపలికి దోపుకోండి. బంగారమైనా ఇనుమైనా రెండు కొసలకీ ఒకేసారి తగిలిందంటే ఎర్రగా కాలుతుంది. రబ్బరు తొడుగులు వేసుకోండి, కళ్లజోడు పెట్టుకోండి. పాతచీర కట్టుకోండి, ఎందుకంటే యాసిడ్ చుక్క పడ్డ చోట ఆ రోజు ఏమీ కనిపించదు, ఉతికాక చిల్లులు తేలతాయి. నాకు రెండు చీరలు అలాగే పోయాయి. ఒంటిమీద పడితే ధారగా నీళ్లు పోసి కడగాలి. కంట్లో పడితే పావుగంటకి తక్కువ కాకుండా కడిగి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

నీళ్లు పోయడం గురించి కూడా చెప్పేస్తాను. డిస్టిల్డ్ వాటరు తప్ప కుళాయి నీళ్లు, ఫిల్టరు నీళ్లు, ఏసీలోంచి కారే నీళ్లు పోయకండి. యాసిడ్ అసలే పోయకూడదు. గ్రావిటీ తక్కువ చూపించిందని యాసిడ్ పోస్తే అంకె పెరుగుతుంది, బ్యాటరీ పోతుంది. పలచని చారులో ఉప్పు గుమ్మరించినట్టే. నీళ్లు చార్జి నిండాక పోయాలి, ముందు పోస్తే చార్జిలో మట్టం పొంగి పైకి కారుతుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందు పోసి, మిగతాది తరవాత పోయండి. నీళ్లు పోసిన వెంటనే గొట్టం పెట్టకండి, పైన నీళ్లే ఉంటాయి, తప్పు చూపిస్తుంది.

మా బ్యాటరీ సంగతి చెప్పలేదు కదూ. ఆ రోజూ ఆ రాత్రీ, మర్నాడు మధ్యాహ్నం దాకా చార్జి పెట్టాం. మేడమీద పిన్నిగారి వైరు అప్పటిదాకా మా వరండాలోనే ఉంది. ఆఖరి మూడు గంటలూ నేనే చూశాను. అయిదు గదులు 1.225, 1.230ల దగ్గరికి వచ్చి నిలిచాయి. మూడోది మాత్రం 1.180 దగ్గర మొరాయించింది. మూడుసార్లు చూశాను, ముల్లు కదల్లేదు. "ఇది వేరే ఇంట్లో ఫ్యాన్లకైతే ఇంకో ఏడాది లాగుతుందమ్మా, ఊపిరి మెషీనుకి వద్దు" అన్నాడు మేస్త్రీ. పాతదాన్ని కొట్లోనే ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాం. మీరూ పాతదాన్ని పాత ఇనప సామాన్లవాడికి వేయకండి. వాళ్లు సీసం కోసం పగలగొట్టి యాసిడ్ మురిక్కాలవలో పోస్తారు. ఆక్సిజన్ సిలిండరు చిన్నది ఒకటి కూడా ఇంట్లో ఎప్పుడూ ఉంచుతున్నాం. ఎంత నిండిన బ్యాటరీ అయినా మూడు గంటలే కదా.

ఇప్పుడు నెలకొకసారి, మొదటి ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక గొట్టం తీస్తాను. అత్తయ్య మంచం మీదినుంచి చూస్తూ ఉంటుంది. నేను అంకెలు పైకి చదువుతాను, ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పాలపద్దు పుస్తకంలో రాస్తుంది. ఈ నెల ఆరు గదులూ 1.235, 1.240. నాలుగో గది అంకె నేను మరిచిపోయి దాటేస్తే, "నాలుగోది చెప్పలేదే" అని ఆపి మరీ చూపించింది.